మా రోజుల్లో బొమ్మకి బరువుండేది

వెబ్‌సైటులో పెట్టిన ఫొటో ఎన్ని కేబీలుందిరా అని అడిగితే ఈకాలం కుర్రాళ్ళు నావైపు జాలిగా చూస్తారు. పోనీ ఎన్ని ఎంబీలు అని అడిగినా తెలియదు. బొమ్మకి బరువనేది ఒకటుంటుందన్న సంగతే వాళ్ళ లెక్కలో లేదు. ఫోను తీశారు, నొక్కారు, ఎక్కించారు. ఈ మధ్యలో చెయ్యాల్సిన పని ఒకటుందనీ, ఆ పని చేసి జీతాలు తీసుకుని సంసారాలు ఈదినవాళ్ళున్నారనీ చెప్తే, "ఇప్పుడన్నీ ఆటోమేటిగ్గా అయిపోతాయి పెదనాన్నా" అంటాడు మా తమ్ముడి కొడుకు. వాడు వెబ్‌సైట్లు కట్టి అమ్ముతాడు. వాడు కట్టిన ఒక చీరల దుకాణం సైటు తెరిస్తే మొదటి పేజీకే 31 ఎంబీ అయింది. ఏవేవి ఆటోమేటిగ్గా అయ్యాయో నాకు తెలియదు గానీ, ఆ రోజుకి నా ఫోనులో డేటా మాత్రం ఆటోమేటిగ్గానే అయిపోయింది.

మా రోజుల్లో అలా కుదిరేది కాదు. 1995 ఆగస్టు 15న విదేశ్ సంచార్ నిగమ్ మన దేశంలో జనానికి ఇంటర్నెట్ ఇవ్వడం మొదలుపెట్టింది. నేను అమీర్‌పేటలో వెబ్‌సైటు బొమ్మల బరువు తగ్గించే ఈ పనిలోకి దిగేనాటికి మోడెం వేగం 28.8కి వచ్చింది. కిలోబిట్లు అవి. ఎనిమిదితో భాగిస్తే సెకనుకి 3.6 కిలోబైట్లు. అదైనా కాగితం మీద లెక్క, వానాకాలం టెలిఫోను తీగ మీద లెక్క వేరు. 100 కేబీ ఫొటో ఒక్కటి దిగాలంటే అరనిమిషం. ఇంటర్నెట్టు గంటల లెక్కన కొనుక్కునేవాళ్ళం, ఫోను బిల్లు దానికి అదనం. ఆ అరనిమిషంలో పక్కగదిలో ఎవరైనా రిసీవరెత్తితే లైను తెగి కథ మళ్ళీ మొదటికి. అందుకని పేజీ మొత్తం 50 కేబీ దాటకూడదని మాకు మేమే పెట్టుకున్న కట్టుబాటు. మెనూ, శీర్షిక, ఫొటోలు, రాత అన్నీ కలిపి 50. ఎవరైనా 60 కేబీ పేజీ పట్టుకొస్తే మా పెద్దాయన కళ్ళజోడు సర్దుకుని "ఏ బొమ్మ తీసేద్దాం?" అనేవాడు. తగ్గిద్దామా అని కాదు, తీసేద్దామా అని.

తయారుచేసేవాడూ చూసేవాడూ ఒకే తీగ మీద ఉన్న కాలం అది. నేను పెట్టిన బొమ్మ బరువు ముందు నా మీదే పడేది. ఇప్పుడు తయారుచేసేవాడు ఆఫీసులో ఫైబరు కనెక్షను ముందు కూర్చుంటాడు, చూసేవాడు బస్సులో కిటికీ పక్కన కూర్చుని ఒక గీత సిగ్నలు కోసం ఫోను పైకెత్తుతుంటాడు. మోసేవాడు వేరు, వేసేవాడు వేరు. నా సణుగుడంతా ఇక్కడే ఉంది, మిగతాదంతా దీని వివరమే.

మొదట్లో మా సరుకంతా జిఫ్. 1987లో కంప్యూసర్వ్ అనే అమెరికా కంపెనీ తెచ్చిన పద్ధతి. ఒక బొమ్మలో 256 రంగులకు మించి పట్టవు. అవి కూడా అందరి తెరమీదా ఒకేలా కనబడాలంటే 216 రంగులే వాడమనేవారు. ఎరుపు, ఆకుపచ్చ, నీలం ఒక్కోదానికి ఆరు మెట్లు, ఆరును మూడుసార్లు గుణిస్తే 216. ఆ పట్టికలో పసుపుకొమ్ము రంగు లేదు, గోరింటాకు పండిన రంగు లేదు. ఉన్నవాటితోనే కాలక్షేపం. రంగులు 256 నుంచి 64కి, 64 నుంచి 32కి, 32 నుంచి 16కి దించుకుంటూ పోవడం, ఎక్కడ బొమ్మ మొహం మాడిపోతుందో చూసి ఒక మెట్టు వెనక్కి రావడం. లేని రంగుకోసం ఉన్న రంగుల చుక్కలు కలిపి చల్లితే కంటికి బావుండేది గానీ ఫైలు పెరిగేది. ఎందుకంటే జిఫ్ వరసలు వరసలుగా చదువుతుంది. ఒక వరసలో ఒకే రంగు ఎంత పొడుగ్గా సాగితే దానికంత సుఖం, మధ్యలో చుక్కలు చల్లితే దానికి పని పెరుగుతుంది. అడ్డగీతలున్న బొమ్మ అదే నిలువుగీతల బొమ్మకన్నా తక్కువ తూగేది. ఇది తెలిసి మెనూ పలకల మీద నీడలు ఎప్పుడూ పైనుంచి కిందికే వేసేవాళ్ళం, పక్కనుంచి పక్కకి కాదు. చూసినవాళ్ళు అదేదో ఆనాటి ఫ్యాషను అనుకున్నారు. మాది కేబీల బాధ.

ఆ జిఫ్ మీద కూడా పేచీ వచ్చింది. దాని లోపల బిగింపు పని చేసే ఎల్‌జెడ్‌డబ్ల్యూ అనే లెక్క మీద యూనిసిస్ కంపెనీకి పేటెంటు ఉంది. 1994 చివర్లో, జిఫ్ తయారుచేసే సాఫ్ట్‌వేర్లవాళ్ళు డబ్బు కట్టాలన్నారు. అందరూ అలవాటుపడ్డాక రుసుం అడగడమన్నమాట. ఆ కోపంలోంచి పుట్టిందే పీఎన్‌జీ. 1996లో వెబ్ ప్రమాణాల సంఘం దాన్ని ఆమోదించింది. అమెరికాలో పేటెంటు 2003లో తీరిపోయింది. పీఎన్‌జీ మంచిదే, ఏమీ పారేయకుండా బిగిస్తుంది, అంచులు మెల్లగా పారదర్శకం చెయ్యచ్చు. కానీ ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ 6 ఆ పారదర్శకం ఉండాల్సిన చోట బూడిదరంగు పలక చూపించేది. 2006లో ఏడో నంబరు వచ్చేదాకా ఆ బూడిద మా మొహాన కొడుతూనే ఉంది.

ఇక తెలుగు సంగతి. ఇది ఈకాలంవాళ్ళకి చెప్తే నమ్మరు. యూనికోడ్‌లో తెలుగుకి 1991లోనే చోటు దొరికింది గానీ, అది మన కంప్యూటరు తెరమీద కనబడటానికి మరో పదేళ్ళు పట్టింది. 2001లో విండోస్ ఎక్స్‌పీతోపాటు గౌతమి ఫాంటు వచ్చింది. పోతన, వేమన ఫాంటులు దించుకుని పెట్టుకోవడం ఆ తర్వాతి ముచ్చట. అంతకుముందు? ఒకటే దారి. డీటీపీ ఫాంటులో కంపోజు చేసి, తెరమీద కనబడిన అక్షరాలని బొమ్మగా మార్చి, జిఫ్‌గా ఎక్కించడం. శీర్షిక ఒక బొమ్మ. మెనూలో "మా గురించి" ఒక బొమ్మ, "సంప్రదించండి" ఒక బొమ్మ. కథ ఉంటే కథంతా ముక్కలు ముక్కలుగా బొమ్మలు. ఒక అచ్చుతప్పు దొరికితే బొమ్మ మళ్ళీ మొదటినుంచి.

తెలుగు అక్షరాన్ని చిన్నది చెయ్యడం ఇంగ్లీషు అక్షరంతో అయ్యే పని కాదు. పైన గుడి ఉంటుంది, కింద ఒత్తు ఉంటుంది, ఒత్తుకింద ఇంకో ఒత్తు ఉండచ్చు. వరస ఎత్తు పెరుగుతుంది, పెరిగితే కేబీలు పెరుగుతాయి. తగ్గిద్దామని 12 పిక్సెళ్ళకి దించితే "లక్ష్మి" నల్లటి మచ్చయి కూర్చునేది. మరీ ప్రమాదం ద, ధ, ప, ఫ, డ, ఢ. ఆ జంటల మధ్య తేడా ఒక చిన్న గీత. చిన్న సైజులో అది ఒకే ఒక్క పిక్సెలు. రంగులు తగ్గించేటప్పుడు ఆ పిక్సెలు పక్క రంగులో కలిసిపోయిందంటే ధర్మం కాస్తా దర్మం. ఎవరికీ తెలియకుండా వర్ణక్రమ దోషాలు పుట్టించే యంత్రం అది. అందుకే బొమ్మను నాలుగింతలు పెద్దది చేసుకుని, ఆ గీతని మౌసుతో ఒక్కో గడీ నింపి మళ్ళీ నిలబెట్టేవాళ్ళం. మమ్మల్ని చాదస్తులన్నారు. 2013లో జర్మనీలో డేవిడ్ క్రీజెల్ అనే ఆయన, జిరాక్స్ కంపెనీ యంత్రాలు స్కాన్ చేసిన కాగితాల్లో అంకెలే మారిపోతున్నాయని బయటపెట్టాడు. ఇంటి ప్లానులో గది కొలతలు మారిపోయాయి, 6 ఉన్నచోట 8 వచ్చింది. ఫైలు తగ్గించడానికి యంత్రం ఒకేలా ఉన్నాయనుకున్న గుర్తులని కలిపేసింది. మసకబారితే అనుమానం వస్తుంది, ఇది మసకబారలేదు, శుభ్రంగా తప్పు చూపించింది. ఆ వార్త చదివినప్పుడు నాకు ధ గుర్తొచ్చింది.

తెలుగుని జేపెగ్‌లో పెట్టినవాణ్ణి మేము మనిషిగా చూసేవాళ్ళం కాదు. జేపెగ్ ఫొటోలకోసం పుట్టింది. తెల్లకాగితం మీద నల్లక్షరంలా ఒక్కసారిగా రంగు మారే చోట దానికి చేతకాదు, అక్షరం చుట్టూ బూడిద నలుసులు వదులుతుంది. ఇంజనీర్లే దానికి దోమల గోల అని పేరు పెట్టారు. మన అక్షరాలు అసలే గుండ్రం, చుట్టూ వంపులే. ఒక్కో వంపుకి ఒక్కో దోమల దండు.

సరే, అదంతా ఫాంటులు లేక, గత్యంతరం లేక చేసిన పని. ఆ బొమ్మల్లోని తెలుగుని ఏ వెతుకుడు యంత్రమూ పట్టుకోలేకపోయింది, కళ్ళు లేనివాళ్ళకి ఏ కంప్యూటరూ చదివిపెట్టలేకపోయింది. పోయిన ఆ రాతంతా పోయినట్టే. ఇప్పుడేమొచ్చింది? ప్రతి ఫోనులో తెలుగు ఉంది, ఫాంటులు కోకొల్లలు, నోటితో చెప్తే రాసిపెట్టే ఏర్పాటు కూడా ఉంది. అయినా ఏ ఊళ్ళో ఏ ప్రకటన చూసినా మళ్ళీ బొమ్మే! పెద్దకర్మ పిలుపు బొమ్మ. కాలేజీ ఫీజు గడువు బొమ్మ. మంచినీళ్ళు రాని రోజుల పట్టిక బొమ్మ. సాహిత్య సభ ఆహ్వానమూ బొమ్మే, అందులో ఫోను నంబరు నొక్కితే పలకదు, కళ్ళజోడు పెట్టుకుని అంకె అంకె చూసి కొట్టుకోవాలి. దాన్ని వాట్సాప్‌లో ఒకరు పంపుతారు, ఇంకొకరు తెర ఫొటో తీసి ఇంకో గుంపులో పెడతారు, మూడోవాడు చుట్టూ అంచులు కత్తిరించి మళ్ళీ పంపుతాడు. అలా సేవ్ చేసిన ప్రతిసారీ జేపెగ్ ఇంకొంచెం పారేస్తుంది. నాలుగు చేతులు మారేసరికి సభ ఎన్నింటికో ఎవరికీ తెలియదు. మేము దిక్కులేక చేసినదాన్ని వీళ్ళు దర్జాగా చేస్తున్నారు. పైగా బొమ్మకి వెనకాల ఒక వాక్యం, ఆల్ట్ అంటారు, చూపులేనివాళ్ళకోసం రాసిపెట్టే చోటు ఉంటుంది. మావాడి చీరల సైటులో ఆ చోట ఏముందా అని చూస్తే "ఐఎంజీ 20240311" అనుంది. కంచిపట్టుకి ఆ పేరు పెట్టినవాణ్ణి నేనింతవరకు చూడలేదు.

జేపెగ్‌ని తిట్టాను కాబట్టి దాని గొప్ప కూడా చెప్పాలి. అందులో మనవాళ్ళ చెయ్యి ఉంది. బెంగుళూరులో పుట్టిన నాసిర్ అహ్మద్, అమెరికాలో కాన్సాస్ స్టేట్ యూనివర్సిటీలో పనిచేస్తూ 1972లో ఒక లెక్క ఊహించాడు. డిస్క్రీట్ కొసైన్ ట్రాన్స్‌ఫాం. డబ్బివ్వండి, దీనిమీద పనిచేస్తానని అక్కడి నేషనల్ సైన్స్ ఫౌండేషన్‌ని అడిగితే ఇవ్వలేదు. మరీ తేలిగ్గా ఉందనుకున్నారట. ఆయన మానలేదు. తన శిష్యుడు టి. నటరాజన్, టెక్సాస్‌లో ఉన్న స్నేహితుడు కె.ఆర్. రావుతో కలిసి 1974 జనవరిలో అచ్చువేశాడు. ఈ రావుగారు కామిశెట్టి రామ్మోహనరావు, మద్రాసు గిండీ ఇంజనీరింగు కాలేజీలో చదివారు. 2021లో పోయారు. 1992లో జేపెగ్ ప్రమాణం తయారైనప్పుడు దాని గుండెకాయ ఈ లెక్కే. ఇవాళ లోకమంతా పంపుకునే పొద్దుటి పూల ఫొటోల వెనక ఉన్న ముగ్గురి పేర్లు మా తమ్ముడి కొడుకుని అడిగితే తెలియదన్నాడు. ఏ హీరో ఏ సినిమాకి ఎన్ని కోట్లు తీసుకున్నాడో మాత్రం తెలుసు.

ఆ లెక్క చేసే పని విన్నకొద్దీ ముచ్చటేస్తుంది. ముందు బొమ్మలో వెలుతురుని ఒకవైపు, రంగుని ఒకవైపు విడదీస్తుంది. మన కంటికి వెలుతురులో తేడా బాగా తెలుస్తుంది, రంగులో తేడా అంతగా తెలియదు. అందుకని రంగుని తగ్గించి దాస్తుంది, మామూలుగా నాలుగు పిక్సెళ్ళకి కలిపి ఒక రంగు. తర్వాత బొమ్మంతా ఎనిమిది పిక్సెళ్ళు అడ్డం, ఎనిమిది నిలువు ఉండే ముక్కలుగా కోస్తుంది. ఒక్కో ముక్కలో 64 విలువలు. ఆ 64నీ కొసైన్ లెక్కలో వేస్తే, మెల్లగా మారేవి ఒక మూలకీ, గబగబా మారేవి ఇంకో మూలకీ చేరతాయి. గబగబా మారేవాటిని, అంటే ఇసుక రేణువులు, చొక్కా నేతలో పోగులు, వెంట్రుకల చివర్లు, వీటిని పెద్ద అంకెతో భాగించి పూర్ణాంకం చేస్తుంది. చాలావరకు సున్నాలైపోతాయి. సున్నాలని దాచడానికి చోటు అక్కర్లేదు కదా. క్వాలిటీ అని మీరు అటూ ఇటూ జరిపే మీట ఈ భాగించే అంకెని మారుస్తుంది, అంతే. 80 అంటే నూటికి 80 పాళ్ళు మిగిలిందని కాదు. ఒక ప్రోగ్రాములో 60, ఇంకో ప్రోగ్రాములో 60 ఒకటి కూడా కాదు. ఈ మాట ఎంతమందికి చెప్పానో, విన్నవాళ్ళు తక్కువ.

నాలుగు పిక్సెళ్ళకి ఒక రంగు అన్నచోట మనకొక చిక్కుంది. అది ఎరుపు. నిండు ఎరుపు పక్కన ఇంకో రంగు గీత పడితే జేపెగ్‌లో ఆ అంచు పాకిపోతుంది. మన పెళ్ళిఫొటోలో ఉండేదంతా ఎరుపే కదా! బొట్టు, పారాణి, ఎర్రచీర, ఎర్రచీర మీద జరీ. తెల్లదొరల పెళ్ళిఫొటోకి 60 సరిపోతే మన పెళ్ళిఫొటోకి 60 సరిపోదు. రంగు తగ్గించే ఆ ఏర్పాటుని ఆపేసి, క్వాలిటీ మీట కాస్త కిందికి దించుకోవాలి. ఇది పుస్తకంలో లేదు, చీరల ఫొటోలు చేసీ చేసీ తెలుసుకున్నది. ఇప్పుడొచ్చిన వెబ్‌పీ, గూగుల్ 2010లో తెచ్చింది, మామూలు పద్ధతిలో రంగుని ఎప్పుడూ నాలుగింటికొకటే దాస్తుంది, ఆపుదామన్నా వీలుండదు. అందరూ వెబ్‌పీ వెబ్‌పీ అని చీరలన్నీ అందులోకి నెట్టేసి, తర్వాత "ఎర్రచీర అంచు మసగ్గా వస్తోంది, కెమెరా మార్చాలి" అని కొత్త కెమెరా కొంటారు.

మా పనిగది ఎలా ఉండేదో చెప్తాను. ఫొటో స్టూడియోనుంచి పోస్టుకార్డు సైజు ప్రింటు వచ్చేది. దాన్ని స్కానరు మీద బోర్లించి, అద్దం మీది దుమ్ము గుడ్డతో తుడిచి, స్కాను చేసేవాళ్ళం. పత్రికలో అచ్చైన ఫొటో అయితే ఇంకో తంటా, అచ్చు చుక్కలూ స్కానరు గీతలూ ఒకదానిమీద ఒకటి పడి అలలు అలలుగా వచ్చేది, దాన్ని కాస్త మసకచేసి మళ్ళీ పదును పెట్టాలి. తర్వాత కత్తిరింపు. గ్రూపు ఫొటోలో పక్కన నిలబడ్డ స్కూటరు మనకెందుకు? తీసెయ్. వెనక గోడకి పెచ్చులూడి ఉంటే ఆ గోడని మసకచేస్తే మొహం తేరుకునేది, అయిదారు కేబీలూ తగ్గేవి. గబగబా మారేవి జేపెగ్‌కి భారమని చెప్పాను కదా. సైజు తగ్గించాక కొంచెం పదును, మొహం మీద కాదు, కళ్ళ దగ్గరా నగల దగ్గరా. 1999లో ఫొటోషాప్ 5.5లో సేవ్ ఫర్ వెబ్ అనే కిటికీ వచ్చింది. ఒకే బొమ్మని నాలుగు పక్కపక్కన చూపించేది, ఒక్కోదానికింద కేబీలు, 28.8 మోడెం మీద ఎన్ని సెకన్లు పడుతుందో కూడా రాసి ఉండేది. మేము ఆ నాలుగింటి ముందూ కూర్చుని వాదించుకునేవాళ్ళం. 11 సెకన్లదానికీ 9 సెకన్లదానికీ మధ్య పెళ్ళికూతురి ముక్కుపుడక ఉండేది. ఆ కిటికీ ఇప్పటికీ ఫొటోషాప్‌లో ఉంది, కానీ పేరు పక్కన లెగసీ అని తగిలించారు. మా అందరికీ కలిపి పెట్టినట్టుంది ఆ పేరు.

అన్నీ బంగారం కాదులెండి. పేజీలో ఖాళీ చోటుకోసం ఒక్క పిక్సెలు పారదర్శక జిఫ్, 43 బైట్లది, సాగదీసి సాగదీసి వాడేవాళ్ళం. పెద్ద బొమ్మని ముక్కలు కోసి పట్టికల గడుల్లో అతికించేవాళ్ళం, ఒక గడి అటూ ఇటూ అయితే దేవుడి మొహంలో తెల్లగీత పడేది. తిరిగే భూగోళాలు, వెలిగి ఆరే దీపాలు మేమూ పెట్టాం. వాటిని ఎవరైనా తవ్వితీస్తే నేను అడ్డుపడను.

ఇక ఇప్పటి వైభోగం. మామూలు ఫోను ఫొటో ఒకటి 4000 అడ్డం, 3000 నిలువు. కోటీ ఇరవై లక్షల పిక్సెళ్ళు. సైటులో దానికిచ్చిన చోటు 600కి 400. రెండు లక్షల నలభై వేలు. యాభై రెట్లు ఎక్కువ పంపి, అవతలివాడి ఫోనులో కుదించి చూపిస్తారు. కుదించడానికి ముందు ఆ ఫోను దాన్ని మొత్తం విప్పుకోవాలి, పిక్సెలుకి నాలుగు బైట్ల లెక్కన 48 ఎంబీ మెమరీ. జేపెగ్‌గా మూడు ఎంబీలే కదా అంటారు, అది మూట కట్టి ఉన్నప్పటి మాట. చీరల సైటులో అలాంటివి పన్నెండు. కొన్న రెండేళ్ళకే పాతబడిపోయిన ఫోను పాపం వేడెక్కిందంటే ఎక్కదా? ఫోను మార్చమంటారు వీళ్ళు. బొమ్మ మార్చమంటాను నేను.

"300 డీపీఐలో ఇమ్మంటావా, 72లోనా?" అని అడుగుతాడు ఫొటోగ్రాఫరు, ఏదో పెద్ద రహస్యం తెలిసినవాడిలా. తెరకి ఆ అంకెతో పనే లేదు నాయనా, అది అచ్చుయంత్రానికి. తెరకి కావలసింది ఎన్ని పిక్సెళ్ళు అన్నదొక్కటే. ఇది నేను పాతికేళ్ళుగా చెప్తున్నాను. నా తర్వాత ఇంకెవరైనా చెప్పుకోవలసిందే.

ఇంకొకటి. ఫొటో లోపల ఎక్కడ తీశారో అక్షాంశ రేఖాంశాలతో సహా దాగి ఉంటుంది. 2012లో జాన్ మెకఫీ, ఆ యాంటీవైరస్ సాఫ్ట్‌వేరాయన, పోలీసులకి దొరక్కుండా తిరుగుతుంటే, ఒక పత్రిక ఆయన ఫొటో సైటులో పెట్టింది. ఫొటోలోనే గ్వాటెమాలాలో ఎక్కడున్నాడో ఉంది. మా రోజుల్లో స్కానరుకి అక్షాంశాలు తెలియవు. అయినా బైట్లు మిగుల్తాయని ఫైలు వెనకాల ఉన్న చెత్తంతా దులిపి పంపేవాళ్ళం. ఇప్పుడు ఇంట్లో పిల్లల ఫొటోలు ఇంటి గుమ్మం అక్షాంశాలతో సహా ఎక్కిస్తున్నారు. వాట్సాప్ ఫొటోని నలిపేస్తే ఆ వివరాలు కూడా రాలిపోతాయి, అది వేరే పుణ్యం.

కొత్త పనిముట్లు చెడ్డవని నేననను. ఏవీఐఎఫ్ అనే కొత్త బొమ్మల పద్ధతి నిజంగా గొప్పది, ఎరుపుని కూడా బతకనిస్తుంది అడిగితే. ఒకే బొమ్మ మూడు నాలుగు సైజుల్లో పెట్టి, చూసేవాడి తెరకి తగ్గది పంపే ఏర్పాటు 2014 నుంచీ బ్రౌజర్లలో ఉంది. అది మా రోజుల్లో ఉంటే మేము పండగ చేసుకునేవాళ్ళం. జేపెగ్ ఎక్స్‌ఎల్ అని ఒకటొచ్చింది, పాత జేపెగ్‌ని ఒక్క పిక్సెలు కూడా పోగొట్టకుండా దాదాపు అయిదోవంతు తగ్గిస్తుంది. దాన్ని క్రోమ్ నుంచి తీసేస్తామని 2022లో గూగుల్ ప్రకటించింది, 2023లో యాపిల్ సఫారీలో పెట్టుకుంది. పెద్దల తగవులో మనమెవరం. కానీ ఆ పనిముట్లని వాడటానికి ముందు ఒక మనిషి బొమ్మని చూడాలి. ఆ చూడటమే లేదు. పేజీ కింద ఉన్న బొమ్మలని చూసేవాడు అక్కడికి జరిగేదాకా ఆపే సదుపాయం ఉంది, లేజీ అంటారు. మంచిదే. మావాడు దాన్ని అన్నిటికీ తగిలించాడు, తెరవగానే కనబడాల్సిన మొదటి బొమ్మకి కూడా. అసలు బొమ్మ ఆలస్యంగా వస్తుంది, పైగా వచ్చినప్పుడు రాతంతా కిందికి గెంటేస్తుంది. "ఇదేంట్రా" అంటే, "కొత్తగా గూగుల్ దీనికి మార్కులు తీస్తోంది పెదనాన్నా, బొమ్మ ఎత్తూ వెడల్పూ ముందే రాసిపెట్టాలట" అన్నాడు, అప్పుడే కనిపెట్టినట్టు. 1997లో ఎత్తూ వెడల్పూ రాయకుండా బొమ్మ పెట్టినవాడికి మా గదిలో ఆ పూట టీ లేదు.

ఇంతకీ ఈ దేశంలో కేబీల లెక్క ఇంకా బతికున్న చోటు ఒకటుంది. ఉద్యోగ పరీక్షల దరఖాస్తు. మొన్న మా మేనకోడలు బ్యాంకు పరీక్షకి కట్టబోతూ ఫొటో పట్టుకుని వచ్చింది. 200 అడ్డం, 230 నిలువు. అబ్బ, ఎంతకాలానికి ఒక మనిషి నన్ను పిక్సెళ్ళలో అడిగింది! "నెట్ సెంటరుకి వెళ్తే ముప్ఫై రూపాయలడుగుతున్నాడు మావయ్యా" అంది. నేనుండగా నెట్ సెంటరు ఎందుకు? కత్తిరించాను. వెనక గోడ తెల్లగా కడిగాను. తగ్గించాను, కళ్ళ దగ్గర పదును పెట్టాను, బొట్టు పాకకుండా రంగు మీట ఆపాను, దోమ ఒక్కటి లేకుండా 11 కేబీకి తెచ్చాను. ఆ సైజులో అంతకన్నా శుభ్రమైన జేపెగ్ ఎవరైనా చేస్తే చూస్తాను.

ఎక్కించింది. తీసుకోలేదు. ఫొటో 20 నుంచి 50 కేబీ మధ్య ఉండాలట. 50 దాటకూడదంటే అర్థముంది. 20కి తగ్గకూడదేమిటి? "చిన్నదైతే మంచిది కదే!" అన్నాను. "వాళ్ళకి అక్కర్లేదు మావయ్యా, పెంచు" అంది. పెంచడం! ఈ చేత్తో! మీటని 95 దాకా తోశాను, కంటికి కనబడే తేడా ఏమీ లేదు, ఫైలు మాత్రం 23 అయింది. తీసుకుంది. ఇక సంతకం ఉందట, 140కి 60, అది 10 నుంచి 20 కేబీ. రెండు గీతల సంతకాన్ని 10 కేబీకి ఎలా మేపాలో తెలియక, ఆ ముప్ఫై రూపాయలేవో ఇచ్చి నెట్ సెంటరుకే పంపించాను.